గుఱ్ఱము లేని గుఱ్ఱపుసాల

అమెరికాలోని టెక్సాసు రాష్ట్రములో 2004వ సంవత్సరమున, మూడవ యేడు నిండని ఒక బాలునకు ఆటిజం కలదని వైద్యులు నిర్ణయించిరి. తండ్రి రూపర్ట్ ఐజక్సన్ బ్రిటనులో పుట్టిన రచయిత, గుఱ్ఱపుస్వారీలో ఆరితేరినవాడు. తల్లి విశ్వవిద్యాలయములో మనస్తత్వశాస్త్రము బోధించునామె. పిల్లవాడు కారణము తెలియని ఏడ్పులతో గంటల తరబడి విలవిలలాడెడివాడు. పేరుపెట్టి పిలిచినను తిరిగి చూచెడివాడు కాడు. ఒకనాడు వాడు తండ్రికి అందకుండ పొరుగువారి పచ్చికబయలులోనికి పరుగెత్తి, అచ్చటి గుఱ్ఱముల కాళ్ళకడ వెల్లకిల పండుకొన్నాడు. తండ్రికి గుండె ఆగినంత పని అయినది. గాని మందకు పెద్దయైన బెట్సీ అను ఆడుగుఱ్ఱము తల వంచి, పెదవులు కదలించుచు, ఆ పిల్లవాని యెదుట అణకువగా నిలిచినది.

ఐజక్సన్ వ్రాసిన "ది హార్స్ బాయ్" అను గ్రంథమునకు బీజము ఈ దృశ్యమే. అటుపిమ్మట ఆయన కొడుకును ముందు కూర్చుండబెట్టుకొని బెట్సీపై తిరుగసాగెను. జీనుపై నున్నంతసేపు పిల్లవాడు శాంతించుచుండెను. అడిగినదానికి బదులుకూడ పలుకసాగెను. గుఱ్ఱములకు నెలవయి, షామనులనెడి మంత్రవైద్యులకు ఆటపట్టయిన మంగోలియాకు పిల్లవానిని తీసికొనిపోయిన మరింత మేలు కలుగునేమోనని తండ్రికి తోచినది. 2007 వేసవిలో ఆ కుటుంబము మంగోలియా పీఠభూములను దాటి, ఉత్తరమున రెయిన్‌డీరు జింకలను పెంచుకొని బ్రతుకు జాతివారియొద్దకు పోయి వచ్చినది. గ్రంథము 2009లో వెలువడినది. మైకెల్ ఓరియన్ స్కాట్ తీసిన చలనచిత్రము అదే యేడు ప్రదర్శింపబడినది. రెండును అనేక దేశములలో ఆదరము పొందినవి.

ఆటిజం గల పిల్లవానిని కన్న తల్లిదండ్రులు ఇట్టి గ్రంథమును కథగా చదువరు, వైద్యుని చీటీగా చదువుదురు. చదివినవారు మరునాడు పాఠశాలకు వచ్చి, "మావాడిని గుఱ్ఱమెక్కించమంటారా, మాస్టారూ?" అని అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు ఈ గ్రంథమునుండి దొరకునా అన్నదే దీని విషయమై వేయవలసిన మొదటి ప్రశ్న.

ఆటిజం అనునది ఒక వ్యాధిక్రిమి వలన వచ్చునది కాదు. మెదడు ఎదుగుదలలోని భేదము. 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణించుచు దీనికి వైద్యశాస్త్రములో స్థానము కల్పించెను. ఇతరులతో కలియుటలో, సంభాషణలో ఇబ్బంది. చేసినపనినే మరల మరల చేయుట. శబ్దము, స్పర్శ మున్నగువానికి అతిగానో మందముగానో స్పందించుట – ఇవి లక్షణములు. మన దేశములో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఇదియు నొకటి. దీనిని మాన్పు మందు లేదు. శిక్షణవలన, మాటల అభ్యాసమువలన, ఓపికగల పాఠశాలవలన పిల్లల బ్రతుకు సుగమము కాగలదు. మందు లేనిచోట వదంతులకు గిరాకి హెచ్చు.

గ్రంథములోని మంచిని ముందు చెప్పవలెను. ఐజక్సన్ కండ్లు తెరచి చూచు రచయిత. ఏడుపు తారస్థాయి కెక్కినపుడు అంగడిలో అందరి చూపులు తలిదండ్రులపై పడు తీరును, దంపతుల నడుమ పెరుగు విసుగును, అయిదేండ్లు వచ్చినను మలమూత్ర విసర్జనపై అదుపు రాని పిల్లవానిని కడిగి కడిగి విసిగిన చేతులను ఆయన దాపరికము లేకుండ చూపినాడు. తాను చేయుచున్నది పిచ్చిపని కావచ్చునన్న శంకను కూడ దాచలేదు. తిరిగి వచ్చిన తరువాత కొడుకు ఆటిజం పోయినదని ఆయన ఎచ్చటను చెప్పలేదు. మూడు బాధలు మాత్రము తగ్గినవన్నాడు – ఏడుపులు, విసర్జనపై అదుపులేమి, తోడిపిల్లలకు ఎడముగా నుండుట. ఇది నిజాయితీగల మాట. అయితే అట్టమీది ఉపశీర్షిక మాత్రము కొడుకును స్వస్థపరచుటకు బయలుదేరిన తండ్రి అన్వేషణ అని చాటుచున్నది. లోపలి మాటకన్న అట్టమీది మాట దూరము పోవును. పుస్తకమును కొననివారుకూడ అట్టను చదువుదురు కదా!

ఇక హేతువు సంగతి. ఆ మూడు బాధలు తగ్గినమాట నిజమే అనుకొందము. దేనివలన తగ్గినవి? ఆ వేసవిలో ఆ బాలునకు జరిగినవి ఒకటి రెండు కావు. పాఠశాల, ఇల్లు, నిత్యము చూచు వీధి – అన్నియు ఒక్కసారిగా మారినవి. తల్లియు తండ్రియు పగలు రాత్రి వానితోనే ఉండిరి. మార్గదర్శకుని కుమారుడు వానికి ఆటలతోడు అయినాడు. అంతకుముందు వానికి అట్టి నేస్తము లేడు. తొమ్మిదిమంది షామనులు కలిసి క్రతువు చేసిరి. అందులో తలిదండ్రులు కొరడాదెబ్బలు కూడ తినిరి. ఇవి చాలనట్లు, వాడు అయిదు దాటి ఆరవ యేటికి వచ్చుచున్న పిల్లవాడు. ఆ వయసున ఏ పిల్లవాడైనను కొన్ని నెలలలో ఎంతో మారును. ఇన్ని దారములు పెనవేసుకొన్న త్రాటిలో ఈ బరువును మోసినది ఫలానా దారమని చూపుట ఎట్లు?

విచిత్రమేమనగా, గ్రంథమునకు పేరు పెట్టిన గుఱ్ఱమే ఆ ప్రయాణములో కొంత దూరము లేదు. స్వారీ మొదలగునప్పటికే బాలుడు గుఱ్ఱమెక్కనని మొరాయించి, వ్యానులో పోదమని ఏడ్చినాడు. ఈ సంగతి ఐజక్సనే చెప్పినాడు. తండ్రి దీనిని కథలో ఒక కష్టఘట్టముగా చిత్రించినాడు. ప్రయోగశాలలో పనిచేయువారికి మాత్రము ఇది ఒక కొలత. గుఱ్ఱమే మందైనచో, మందు వాడని దినములను లెక్కకు తెచ్చుకొనవలదా? ఆ లెక్క గ్రంథములో లేదు.

ఒక్క పిల్లవాని కథను నమ్ముటవలన నష్టమేమని కొందరు అడుగవచ్చును. ఆటిజం చరిత్రలోనే ఇందుకు రెండు సమాధానములు ఉన్నవి. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ అను రచయిత "ది ఎంప్టీ ఫోర్ట్రెస్" అను గ్రంథము ప్రకటించెను. ముగ్గురు పిల్లల కథలను కండ్లకు కట్టినట్లు చెప్పి, తల్లుల ప్రేమరాహిత్యమే ఆటిజమునకు మూలమని సూచించెను. అంతకు మూడేండ్ల ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్లాండ్ అను శాస్త్రజ్ఞుడు (ఆయన ఆటిజంగల పిల్లవాని తండ్రి) ఈ భావమునకు ఆధారము లేదని గ్రంథమే వ్రాసియుండెను. అయినను కథయే గెలిచినది. పిల్లవాని వైకల్యమునకు తామే కారణమని ఎందరు తల్లులు కుమిలిరో చెప్పలేము. ఇప్పుడు ఆ సిద్ధాంతమును శాస్త్రజ్ఞు లంగీకరింపరు.

రెండవది సెక్రెటిన్ కథ. చిన్నప్రేవు గోడలనుండి ఊరి, క్లోమగ్రంథిని పనికి పురికొల్పు హార్మోను సెక్రెటిన్. జీర్ణకోశ పరీక్షకై దీనిని సూదిద్వారా ఇచ్చినపుడు ఆటిజంగల ముగ్గురు పిల్లలలో మాటయు చూపుయు మెరుగైనవని 1998లో ఒక నివేదిక వెలువడినది. టెలివిజను దానిని ఇంటింటికి చేర్చినది. సెక్రెటిన్ కొరకు తలిదండ్రులు ఎగబడిరి. మరుసటి యేడు, 1999 డిసెంబరులో, అమెరికాలో 60 మంది పిల్లలపై జరిపిన పరీక్ష ప్రకటింపబడినది. వారిలో కొందరికి సెక్రెటిన్, కొందరికి వట్టి ఉప్పునీరు సూదివేసిరి. ఎవరికి ఏది పడినదో తలిదండ్రులకుగాని, పరీక్షించువారికిగాని తెలియదు. సెక్రెటిన్ పడిన పిల్లలు మెరుగైరి. ఉప్పునీరు పడిన పిల్లలుకూడ మెరుగైరి! రెండు జట్లకు భేదము కనబడలేదు.

ఉప్పునీటివలన మెరుగగుట ఎట్లు? పిల్లల బాధ మిక్కుటమైనప్పుడే తలిదండ్రులు క్రొత్త వైద్యమునకు పరుగెత్తుదురు. జ్వరము తారస్థాయి కెక్కిన రాత్రి వైద్యుని పిలిచినచో, మరునాటికి అది తనంతట తగ్గినను కీర్తి వైద్యునికే పోవును. పైగా ఆశతో చూచు కంటికి చిన్న మార్పు పెద్దదిగా కనబడును. ఇది మోసము కాదు. మనిషి చూపునకు గల స్వభావము. ఆ పరీక్షయొక్క ఫలితము చెప్పిన తరువాత కూడ, అందు పాల్గొన్న తలిదండ్రులలో మూడింట రెండువంతులకు మించినవారు సెక్రెటిన్‌పై ఆసక్తి వదలుకొనలేదు. వారిని చూచి నవ్వుట సులభము. వారి స్థానమున ఉండుట సులభము కాదు.

అట్లని గుఱ్ఱమును సెక్రెటిన్‌తో పాటు మూలకు నెట్టుట తొందరపాటే. గుఱ్ఱము నడకలో శరీరశాస్త్రమునకు పట్టుబడు విశేషము కలదు. నడచు గుఱ్ఱముయొక్క వీపు ముందువెనుకలకు, ప్రక్కలకు, పైకిక్రిందికి కదలును. కొంచెము మెలితిరుగును కూడ. పైన కూర్చున్నవాని కటిభాగమునకు కలుగు ఈ కదలిక, తానే నడచునపుడు కలుగు కదలికను చాల వరకు పోలియుండును. కనుకనే కాళ్ళు స్వాధీనములో లేనివారికి నడుమును నిలుపుకొనుట నేర్పుటకు గుఱ్ఱమును వాడుట మొదలైనది. డెన్మార్కు దేశపు రౌతు లిస్ హార్టెల్ 1944లో పోలియో పాలై, మోకాళ్ళ క్రింద చలనము కోల్పోయినది. ఇతరులు ఎత్తి కూర్చుండబెట్టనిదే గుఱ్ఱమెక్కలేని ఆమె, 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో పురుషులతో పోటీపడి రజతపతకము గెలిచినది; 1956లో మరల రజతమే. యూరపు, అమెరికాలలో వైకల్యముగలవారికి స్వారీ నేర్పు ఉద్యమమునకు ఆమె విజయము పెద్ద ప్రేరణ. 1969లో బ్రిటనులోను, అమెరికాలోను ఇందుకై సంఘములు వెలసినవి. ఇచ్చట ఒక భేదము గుర్తింపవలెను. హార్టెల్ కాళ్ళను గుఱ్ఱము బాగుచేయలేదు. చేసినదని ఎవరును చెప్పలేదు. ఆమె సాధించినదానిని కొలిచినవారు తీర్పరులు, తండ్రులు కారు.

శరీరమునుండి మనస్సునకు పోవునప్పటికి నేల మెత్తబడును. గుఱ్ఱము మనిషి మనోభావమును పసిగట్టుననుటకు ఆధారములు ఉన్నవి. బ్రిటనులోని సస్సెక్సు విశ్వవిద్యాలయమువారు 28 గుఱ్ఱములకు అపరిచితుల ముఖచిత్రములను చూపిరి. కోపముతో నున్న ముఖమును చూచినపుడు అవి ఎడమకంటితో చూచుటకు మొగ్గుచూపినవి. గుండెవేగము కూడ త్వరగా హెచ్చినది. ఈ ఫలితములు 2016లో ప్రకటింపబడినవి. కేకవేసిన బెదరి, శాంతించిన శాంతించు అంత పెద్ద జంతువు, మాటలతో పనిలేకుండనే పిల్లవానికి తన ప్రవర్తనను తనకు చూపు అద్దము వంటిదని ఈ చికిత్సవారు చెప్పుదురు. చెప్పిన తీరు బాగున్నది. బాగున్నదానికెల్ల ఋజువు అక్కరలేదనుకొనుటయే పొరపాటు.

గుఱ్ఱముల చరిత్రయే ఆ పొరపాటును ఒకసారి బయటపెట్టినది. బెర్లినులో హాన్స్ అను గుఱ్ఱము 1904 నాటికి లోకప్రసిద్ధము. కూడికలు, భాగహారములు అడిగిన జవాబెంతయో అన్నిసార్లు గిట్టతో నేలను తట్టెడిది. దాని యజమాని విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ ఒకప్పటి గణితోపాధ్యాయుడు, మోసగాడు కాడు. ఆస్కార్ ఫుంగ్స్ట్ అను యువశాస్త్రజ్ఞుడు ఒక చిన్న మార్పు చేసెను. జవాబు తెలియనివానిచేత ప్రశ్న అడిగించెను. హాన్స్ తప్పిపోయినది. అడిగినవాడు కనబడకుండ చేసినను తప్పిపోయినది. తట్టుట సరియైన సంఖ్యకు చేరినపుడు ప్రశ్నికుని తల తనకు తెలియకుండనే కొద్దిగా కదలుచుండెను. గుఱ్ఱము దానిని చూచి ఆగుచుండెను. 1907లో వెలువడిన ఫుంగ్స్ట్ గ్రంథము ప్రతి ప్రయోగకర్తకును హెచ్చరిక. గుఱ్ఱము మనిషిని చదువగలదనుటకు ఇంతకన్న సాక్ష్యము అక్కరలేదు. జవాబు ముందే తెలిసినవాడు తీర్పరిగా పనికిరాడనుటకును ఇదే సాక్ష్యము.

ఇప్పుడు చేయవలసిన ప్రయోగమేదో తేటపడుచున్నది. చికిత్సాస్వారీలో పిల్లవానికి గుఱ్ఱ మొక్కటియే దొరకదు. కళ్ళెము పట్టి నడపువాడొకడు, ఇరుప్రక్కల పిల్లవానిని కనిపెట్టి నడచువారు ఇద్దరు, సూచన లిచ్చు శిక్షకుడు – ఒక్కొక్కప్పుడు ఒక పిల్లవానికి నలుగురు పెద్దలు! నలుబదిమందికి ఒక్క ఉపాధ్యాయుడున్న తరగతిలోని పిల్లవానికి, గుఱ్ఱము లేకున్నను, అంతటి శ్రద్ధ వారమునకొకసారి దొరకినచో మేలు కలుగకుండునా? ఆరుబయలు, క్రొత్త స్థలము, క్రమము తప్పని కార్యక్రమము కూడ ఉన్నవి. కాబట్టి వీనినన్నిటిని ఉంచి, గుఱ్ఱమును మాత్రము తీసివేసి చూడవలెను.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రములో రాబిన్ గేబ్రియల్స్ బృందము సరిగా ఇదే చేసినది. ఫలితములు 2015లో వెలువడినవి. 6 మొదలు 16 యేండ్ల వయసుగల, ఆటిజం కలిగిన 127 మంది పిల్లలను తెలివితేటల కొలత ననుసరించి వర్గములు చేసి, చీట్లు వేసినట్లుగా రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టు 10 వారములు గుఱ్ఱపుస్వారీ నేర్చినది. రెండవ జట్టు అట్టి గుఱ్ఱపుసాలకే వచ్చి, అదే పద్ధతిలో పాఠములు విని, గుఱ్ఱములనుగూర్చియే నేర్చినది. గాని నిజమైన గుఱ్ఱమును తాకలేదు. వారికి నిలువెత్తు బొమ్మగుఱ్ఱము నిచ్చిరి. బొమ్మకు జీను కట్టుట నేర్చుకొన్న ఆ పిల్లలే ఈ పరిశోధనకు ప్రాణము. వారు లేనిచో ఇదియు మరొక "హార్స్ బాయ్" అయి యుండెడిది.

లెక్కకు వచ్చినవారు 116 మంది, జట్టుకు 58 మంది చొప్పున. స్వారీచేసిన జట్టులో చికాకు, అతిచురుకు తగ్గినవి; ఆ భేదము అయిదవ వారమునకే కనబడసాగినది. ఇతరులతో సంభాషించుటలో మెరుగుదల కలిగినది; మాటల నమూనాలలో మొత్తము మాటలును, వేరువేరు మాటలును హెచ్చినవి. చికాకు విషయమున రెండు జట్ల భేదము సంఖ్యాశాస్త్ర పరిభాషలో 0.50. అనగా, బొమ్మగుఱ్ఱపు జట్టునుండి నూర్గురు పిల్లలను వరుసగా నిలువబెట్టినచో, స్వారీ జట్టులోని సగటు పిల్లవాడు వారిలో సుమారు 69 మందికన్న మెరుగుగా నుండునన్నమాట. గుఱ్ఱము ఏమియు చేయకున్నచో సగటుపిల్లవాడు 50 మందిని మించెడివాడు. కనుక ఇది ఉన్న భేదమే, అద్భుతము మాత్రము కాదు. తొమ్మిదిమంది షామనుల పేరు వినగానే మనసులో మెదలు మార్పునకును దీనికిని చాల దూరము.

ఈ పరీక్షలోను లోపము లేకపోలేదు. ఉష్ణమును కొలుచుటకు తాపమాపకము ఉన్నది. చికాకును కొలుచుటకు అట్టి గాజుగొట్టము లేదు. 58 ప్రశ్నలుగల పట్టికను పిల్లవానిని పెంచువారు నింపిరి. తమ పిల్లవాడు ఎక్కినది నిజమైన గుఱ్ఱమో బొమ్మయో వారికి తెలియును. ఫాన్ ఓస్టెన్ తలవలె వారి కలము కూడ కొంచెము కదలియుండవచ్చును. ఈ కారణముననే, పెంచువారి పట్టికకన్న పిల్లలు పలికిన మాటల లెక్కకు ఎక్కువ విలువ నీయవలెను. మాటలను లెక్కించుటలో ఆశకు చోటు తక్కువ. ఐజక్సన్ గ్రంథములో మిక్కిలి నమ్మదగిన భాగముకూడ ఇదియే కావచ్చును – బెట్సీ వీపుమీద పిల్లవాడు మాట్లాడసాగుట. షామనుల క్రతువునకు వెచ్చించిన పుటలలో కొన్ని ఆ మాటలను తేదీలవారీగా వ్రాసియుంచుటకు వెచ్చించినచో, గ్రంథము పాఠకునికి రుచి తగ్గియుండెడిది, శాస్త్రమునకు పనికివచ్చియుండెడిది.

ఆటిజం లేని పిల్లలపై జరిగిన పరిశోధనలలో వాషింగ్టను రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన పెట్రీషియా పెండ్రీ బృందముది పేర్కొనదగినది. 11 వారములు గుఱ్ఱములతో మెలగిన బడిపిల్లల లాలాజలములో, మనస్సు ఒత్తిడికి లోనైనపుడు హెచ్చు కార్టిసాల్ అను హార్మోను, తమ వంతుకై వేచియున్న పిల్లలలోకన్న తక్కువగా నుండెను. ఇది 2014లో ప్రకటింపబడినది. ఉమ్మి అబద్ధమాడదు, అది దీని బలము. వేచియున్న పిల్లలకు బొమ్మగుఱ్ఱమైనను లేకపోవుట దీని బలహీనత.

అదే 2014లో మైకెల్ అనెస్టిస్, స్కాట్ లిలియెన్‌ఫెల్డ్ మున్నగువారు అప్పటికి లభ్యమైన 14 పరిశోధనలను వడపోసిరి. మానసిక రుగ్మతలకు గుఱ్ఱపుచికిత్సను విక్రయించుటకు తగిన ఆధారము లేదని వారు తేల్చిరి. చాల పరిశోధనలలో పిల్లలు కొద్దిమంది. పోల్చుటకు రెండవ జట్టే లేనివి కొన్ని. ఉన్నను ఆ జట్టునకు గుఱ్ఱముతోపాటు పెద్దల శ్రద్ధయు లేనివి కొన్ని. విమర్శ కటువైనదే, గాని న్యాయమైనది. దాని మరుసటి యేడు వెలువడిన కొలరాడో పరీక్ష ఆ విమర్శలోని ముఖ్యమైన ఆక్షేపమునకు సమాధానము చెప్పినది. శాస్త్రము ముందుకు పోవు తీరు ఇదే. వింతయేమనగా, "హార్స్ బాయ్" పేరు విన్న వేలమందిలో ఆ బొమ్మగుఱ్ఱపు పిల్లల సంగతి విన్నవారు అరుదు.

చలనచిత్రమునుగూర్చి నాలుగు మాటలు. గ్రంథములో తండ్రి శంకలకు చోటున్నది. తెరమీద అది కుదించుకొని పోయినది. టెంపుల్ గ్రాండిన్, సైమన్ బేరన్-కోహెన్ వంటి ప్రముఖులు మధ్యమధ్య కనబడి ఆటిజమునుగూర్చి చక్కగా వివరింతురు. గాని వారి మాటలకును మంగోలియాలో జరిగినదానికిని సంబంధము లేదు. పండితుని ముఖము వెనువెంటనే షామను డోలు కనబడినపుడు, డోలునకు పండితుని సాక్ష్యము దొరకినట్లు ప్రేక్షకునికి తోచును. నోటితో ఎవరును అబద్ధము చెప్పలేదు. కత్తిరింపు మాత్రము చెప్పినది.

మన ప్రాంతములో ఈ విషయమునకు మరొక ముఖము కలదు. శిక్షణపొందిన గుఱ్ఱము, తలకు శిరస్త్రాణము, ఇరుప్రక్కల మనుష్యులు, పిల్లల వైకల్యములెరిగిన శిక్షకుడు – ఇవన్నియు కలిసిననే అది చికిత్సాస్వారీ. పెండ్లి ఊరేగింపునకో, సముద్రపు టొడ్డున వినోదమునకో అలవాటుపడిన గుఱ్ఱముపై పిల్లవానిని ఎక్కించుట చికిత్స కాదు. నాలుగైదు వందల కిలోల జంతువు బాణసంచాకు బెదరినచో జరుగునది వేరుగా చెప్పనక్కరలేదు. ఖర్చు సంగతి సరేసరి. ఆ ఖర్చు మాటల శిక్షణను మాన్పించి పెట్టినదైనచో, పిల్లవాడు కోల్పోవునది డబ్బు కాదు, కాలము; నేర్చు వయసు మరల రాదు. సికిందరాబాదులో 1984లో స్థాపితమై, ఇప్పుడు బౌద్ధిక వైకల్యముగలవారి సాధికారతకై పనిచేయు జాతీయసంస్థ, మన దేశపు పిల్లలకొరకు 40 అంశములుగల ఆటిజం కొలతపట్టికను తయారుచేసినది. అది వెలువడినదియు 2009లోనే, ఐజక్సన్ గ్రంథము వెలువడిన యేడే. దానికి మాత్రము ఎవరును చలనచిత్రము తీయలేదు.

ఇక తండ్రి అడిగిన ప్రశ్నకు ఉపాధ్యాయుడు ఏమని చెప్పవలెను? వలదని చెప్పుటకు ఆధారము లేదు. తప్పక ఎక్కించుమని చెప్పుటకు చాలినంత ఆధారము లేదు. పిల్లవానికి జంతువులన్న ఇష్టముండి, భద్రమైన కేంద్రము అందుబాటులో నుండి, జరుగుచున్న శిక్షణ ఆగకుండనున్నచో ప్రయత్నింపవచ్చును. అప్పుడు ఒక్క పని చేయుమని మాత్రము చెప్పవలెను. ఒక నోటుపుస్తకము కొని, ప్రతిదినము పిల్లవాడు ఎన్నిసార్లు, ఎంతసేపు ఏడ్చినాడో, క్రొత్తగా ఏ మాట పలికినాడో వ్రాయవలెను. వ్రాయునది తల్లిదండ్రులు కాక, స్వారీ సంగతి తెలియని తరగతి ఉపాధ్యాయుడైనచో మరియు మేలు. మొదలుపెట్టుట మాత్రము గుఱ్ఱమెక్కిన నాటినుండి కాదు, అంతకు నెలరోజుల ముందునుండి.